పోలీసు సినిమాకు ఆమెన్

ఫిబ్రవరి 7, ఆదివారం

వాక్యం చెప్పి ఆరాధన ముగించాను. చివరి ఆమెన్ ఇంకా చెవుల్లోనే ఉంది, అంతలోనే గుమ్మం దగ్గర ఆటో కిరణ్ మొదలుపెట్టాడు. కొత్త పోలీసు సినిమా. నిన్న చూశాడట.

ధర్నా సీను గురించి చెప్తున్నాడు. రోడ్డుకు అడ్డంగా జనం కూర్చుంటారు. మంత్రి కిరాయిచ్చి కూర్చోబెట్టినవాళ్లట. వెనక అంబులెన్సు ఆగిపోతుంది, లోపల నిండు గర్భిణి. ఎస్సై జీపు దిగి, చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, లాఠీ అందుకుంటాడు. ఇక వరసగా కొట్టుడే. హాలంతా ఈలలు.

మన ఊరి హాల్లోనా అని అడిగాను.

"మన హాల్లనే అన్నా. మనోళ్లే. నేను గూడ ఏసిన."

వీడి ఆటో అద్దం మీద జై తెలంగాణ. సాయంత్రమైతే దీక్ష టెంటులో కూర్చునేది వీడే.

పక్కనే ఏసురత్నం అన్న. పోయిన నెల అదే టెంటులో కూర్చున్నందుకు పోలీసుల చేత కుడిచెయ్యి విరగ్గొట్టించుకున్న మనిషి. టైలరు. మోచేతి దాకా పిండికట్టు. ఎడమచేత్తో చెప్పు పట్టీ పెట్టుకోలేక తిప్పలు పడుతున్నాడు. కిరణే వంగి ఆ పట్టీ పెట్టాడు. పెడుతూ పెడుతూ, ఎస్సై రెండో వరుసను ఎట్లా కొట్టాడో చెప్పటం ఆపలేదు.

అన్న రెండో కాలు కూడా ముందుకు చాపాడు. నాకు మాత్రం అరికాలి నుంచి మండింది.


ఫిబ్రవరి 8, సోమవారం

ఖాజా భాయ్ హోటల్లో అదే గోల. ఫైట్లు బాగున్నాయని ఒకడు. హీరోయిన్ దండగ అని ఒకడు. ఆవలి ప్రాంతం వాళ్లు మన ధర్నాల మీద ఉమ్మడానికే తీశారు, ఆపించాలి, తెర చింపాలి అని ఇంకొకడు బల్ల గుద్దాడు. పక్కవాడు మెల్లగా — "ఆపిద్దాం తియ్యి. మా ఇంటోళ్లు ఇంక సూడలే, ఆదివారం దాంక ఆగున్రి."

నవ్వులు.

ఖాజా భాయ్ అయితే, సినిమా వేరే టెంటు వేరే అన్నాడు. సినిమాలో కొట్టేది విలన్ మనుషుల్నే కదా అని ఆయన లెక్క. ధర్నాలో కూర్చున్నవాడు విలన్ మనిషి అని ఎవడు రాశాడు — అని అడిగాను. గొంతు లేచినట్టుంది, అందరూ చూశారు.

"ఛాయ్ సల్లారుతది అన్న."

తాగకుండా వచ్చేశాను. నా వైండింగు దుకాణంలో కాలిపోయిన బోరు మోటారు ముందర కూర్చుని పాత తీగ లాగుతుంటే, తెగినచోటల్లా వాళ్ల నవ్వే.


ఫిబ్రవరి 10, బుధవారం

మా ఇంట్లో కూడిక.

ప్రతి బుధవారం లాగే సాక్ష్యాల సమయం. ఒక్కొక్కరు లేచి, ఈ వారం ప్రభువు తమకేం చేశాడో చెప్పటం. ఇవ్వాళ నేనే అడ్డం వచ్చాను. ఆ సినిమా చూసినవాళ్లు లేచి నిలబడండి అన్నాను. ఇద్దరో ముగ్గురో లేస్తారు, సిగ్గుపడతారు అనుకున్నాను.

చాప ఖాళీ అయింది. చివర్న సువార్త కూడా లేచింది. నా పెళ్లాం. కొంగు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా.

చూసిందేమిటో చెప్పండి అన్నాను. అక్కడ చేశాను తప్పు. ఆ చాప మీద లేచి మాట్లాడటానికి వీళ్లకు వచ్చిన తీరు ఒక్కటే. నేను నేర్పిందే. బీడీల దేవమ్మ మొదలుపెట్టింది —

"అందరికి వందనాలు. ప్రభువు దయతోని నాకు టికెట్ దొరికింది. కొట్టుకునేకాడ కండ్లు మూసుకున్న. పాటలు మంచిగున్నయి. ఈ సాక్ష్యం ఇచ్చిన దేవునికి స్తోత్రం."

స్తోత్రం — అన్నారు అందరూ. అలవాటుగా. ఒకరి తర్వాత ఒకరు. ఇంటర్వెల్ ముందు బాగుందని ఒక సాక్ష్యం. రెండో సగం లాగిందని ఒక సాక్ష్యం. ప్రతిదానికీ స్తోత్రం.

సుశీలమ్మ లేచింది. ఆమె కొడుకు జయరాజు కానిస్టేబుల్, ఎక్కడో బయటి ఊళ్లో ఉద్యోగం. ఆమెకు సినిమాలో నచ్చింది ఒక్కటే. ఎస్సై ఒక ముసలామె ఇంటికి పోయి, టోపీ తీసి పక్కన పెట్టి, ఆమె పెట్టిన అన్నం తింటాడట.

"నా జయరాజు గూడ గంతే. ఇంట్లకు రాంగనే టోపీ తీస్తడు, అటెన్క నీళ్లడుగుతడు. నా కొడుకును గసొంటి పోలీసును చెయ్యుమని మీరందరు ప్రార్థన చెయ్యున్రి."

వెనక నుంచి ఆమెన్. అందరికన్నా గట్టిగా. చూస్తే — ఏసురత్నం అన్న.

పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని పోలీసుకు ఆమెనా. ఇక నేనేం మాట్లాడానో నాకే సరిగా గుర్తులేదు. కొండ మీది నుంచి దిగొచ్చి బంగారు దూడ చుట్టూ ఎగురుతున్న జనాన్ని చూసినవాడి కోపం గురించి అన్నాను. ఆ కోపంలో దేవుని ఆజ్ఞల పలకలు పగలగొట్టినవాడిది తప్పు కాదన్నాను. డోలక్ కొట్టే పిల్ల ఏడ్చింది. ఏడవనీ.


ఫిబ్రవరి 11

సువార్త మాట్లాడటం లేదు. అన్నం గిన్నె చప్పుడుతోనే మాట్లాడుతోంది. మధ్యలో ఒక్కటే — నువ్వు ఎన్నడన్న సినిమకు తీస్కపోయినవా... అక్కడికే ఆపేసింది.


ఫిబ్రవరి 12, శుక్రవారం

అన్నను తీసుకుని అడ్వకేటు దగ్గరికి. కోర్టులు బహిష్కరించి ఆయనా టెంటులోనే కూర్చుంటున్నాడు. అక్కడే మాట్లాడాము.

కేసు వేయవచ్చట. కానీ పోలీసులు కొట్టారంటే చెల్లదు, ఏ పోలీసు అని అడుగుతాడట జడ్జి. పేరు కావాలి. ఒక్క పేరు దొరికినా, అతని ద్వారా, కొట్టమని చెప్పినవాడి దాకా పోవచ్చు అన్నాడు. లేకపోతే గాలిని కొట్టినట్టే.

అన్న నేల చూస్తూ అన్నాడు. "హెల్మెట్లు పెట్టుకున్నరు సార్. మొకాలు కానరాలే."

దారిలో చెప్పాడు — ఎముక వంకరగా అతుక్కుంటోందట. వేళ్లు పూర్తిగా ముడుచుకోవని దవాఖానలో అన్నారట. కత్తెర పట్టుడు ఇక కష్టమే. దుకాణం షట్టరు పోయిన నెల వేసింది, ఇంతవరకు లేపలేదు.

ఎవడో ఒకడు దీనికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే నేను వారం వారం ఆ పుస్తకం తెరిచి చదవటం ఎందుకు.


ఫిబ్రవరి 14, ఆదివారం

ఇవ్వాళ వదిలిపెట్టలేదు.

ప్రధానయాజకుడి ఎదుట చేతులు కట్టేసి నిలబెట్టిన ప్రభువును ఒక బంట్రోతు చెంప మీద కొట్టిన చోటు చదివాను. నన్నెందుకు కొట్టావు అని ఆయన అడిగాడు. కొట్టినవాడి మొహం చూసి అడిగాడు. మీరేమో కొట్టినవాడికి ఈల వేస్తారు, దెబ్బ తిన్నవాడి చెప్పు పట్టీ పెడతారు — రెండూ ఒకే చేత్తో. ఆ సినిమాలో ధర్నా చేసేవాళ్లంతా కూలికి వచ్చినవాళ్లే అని చూపిస్తే, ఇక్కడ కూర్చున్న ఒక్కరికైనా కడుపు మండలేదా అన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అన్నాను. కిరణ్ తల దించుకున్నాడు.

అందరూ పోయాక ఏసురత్నం అన్న ఆగాడు.

"నువ్వు సూషినవా తమ్మీ, గా సినిమ?"

చూడనవసరం లేదన్నాను.

"సూడకుంట ఎట్ల చెప్తవ్? టెంటుల కూసున్నోళ్లు రాళ్లు ఇసిరిన్రు, గందుకే కొట్టిన్రు అని టీవోళ్లు చెప్పలేదా? వాళ్లు గూడ సూడలే."

అయితే మంగళవారం మ్యాట్నీకి పోదాం పద అన్నాను, కోపంగానే.


ఫిబ్రవరి 16, మంగళవారం

మ్యాట్నీ. నేనూ అన్నా. పెళ్లయ్యాక నేను హాలు మెట్లెక్కింది ఇదే. తలకు తువ్వాలు చుట్టుకున్నాను. లేఖనం సంచిలో, సంచి ఒళ్లో.

పాటలు. ఫైట్లు. ఎస్సై టోపీ తీసి ముసలామె ఇంట్లో అన్నం తిన్న సీను వచ్చింది — ఆడవాళ్ల వైపు నుంచి ముక్కు చీదిన చప్పుళ్లు. నా గొంతులో కూడా ఏదో అడ్డం పడింది. రాసి పెడుతున్నాను, అబద్ధం రాయను. పడింది. ఆ పడినందుకు ఆ సినిమావాళ్లంటే మరింత అసహ్యం పుట్టింది. ముందు మన చేత అన్నం పెట్టించి, ఆ తర్వాత కొట్టిస్తారు.

ధర్నా సీను. గడియారం జేబులో వేసుకున్నాడు. ఈలలు. మా వెనక ఒకడు సీటు ఎక్కాడు. నేను తెర వైపు చూడలేదు, అన్న వైపు చూశాను. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. లాఠీ లేచినప్పుడల్లా పిండికట్టు చెయ్యి దానంతట అదే మొహానికి అడ్డం పోతోంది. తెలిసినట్టు కూడా లేదు ఆయనకు.

ఇంటర్వెల్. బయట ఛాయ్ బండి పక్కన నిలబడ్డాము. ఆయనే అన్నాడు.

"మొకం అటు తిప్పుకోని కొట్టిండు తమ్మీ."

సినిమా సంగతి అనుకున్నాను.

"నన్ను సూషిండు. గుర్తువట్టిండు. చెయ్యి లేపినోడు ఆగిండు. ఎనక నుంచి వాళ్ల సారు ఒర్రుతుండు, కొట్టుమని. మొకం అటు తిప్పుకున్నడు, కొట్టిండు."

ఎవరు, అన్నా అని అడిగాను. రెండోసారి అడిగాను.

"సుశీలమ్మ కొడుకు."

హైదరాబాదులో బందోబస్తు అని తల్లికి చెప్పాడట జయరాజు. ఇక్కడికే దింపారు వాళ్ల బలగాన్ని. హెల్మెట్ ఉంటే ఎట్లా తెలిసిందంటే — చంకనెత్తుకుని తిప్పిన పోరడు, నిలబడే తీరు తెలియదా అన్నాడు. తల్లికి తెలియదు. తెలియవద్దు. అడ్వకేటుకు అందుకే చెప్పలేదు.

పోదాం పద అన్నాను.

"ఆగు. మిగిలింది సూద్దాం. టికెట్ తీస్కున్నం గద."

చూశాము. చివరికి ఎస్సై గెలిచాడు అనుకుంటా.


ఫిబ్రవరి 17, భస్మ బుధవారం

మా వాళ్లు కొత్తది ఏది కొన్నా ముందు మందిరానికి తెస్తారు. కుట్టుమిషను, ఆటో, గేదె పలుపు కూడా. దాని మీద చెయ్యి ఉంచి నేను ప్రార్థన చేయాలి. ఆ తర్వాతే వాడకం.

జయరాజుకు ఉద్యోగం వచ్చిన ఏడాది సుశీలమ్మ ఖాకీ జత తెచ్చింది. స్టీలు పళ్లెంలో మడత పెట్టి, పైన టోపీ. కుట్టింది ఏసురత్నం అన్న. కూలి తీసుకోలేదు. చెయ్యి ఉంచింది నేను. ఈ బట్ట తొడిగినవాడు బలహీనుల పక్షాన నిలబడాలి ప్రభువా అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

విన్నావా ఆ రోజు? నిన్నే అడుగుతున్నాను. విన్నావా, వినలేదా?

మంత్రుల మీద కోపం అంటే సులువు. ఢిల్లీ మీద సులువు. సినిమావాళ్ల మీద మరీ సులువు. ఇది మా చాప మీద పెరిగిన కోపం. దీన్నెక్కడ పెట్టను.

ఏసురత్నం అన్న ఆ బుధవారం పలికిన ఆమెన్ చెవిలో నుంచి పోవటం లేదు.


ఫిబ్రవరి 18

సుశీలమ్మ దుకాణానికి వచ్చింది. నేను పాస్టరును కాను అని ఎన్నిసార్లు చెప్పినా అయ్యగారు అనే అంటుంది. ఆదివారం జయరాజుకు సెలవు దొరికిందట. ఫోన్లో సరిగా మాట్లాడటం లేదట, తిండి సయించటం లేదని తోటి కానిస్టేబుల్ చెప్పాడట.

"గాలి సోకినట్టున్నది అయ్యగారు. మీరు తలకాయ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యున్రి. సాక్ష్యం గూడ చెప్పిపియ్యున్రి, పోరనికి ధైర్నం అస్తది."

చూద్దాం అన్నాను. పళ్లు బిగబట్టి అన్నాను. ఆమె దండం పెట్టి పోయింది. చేతిలో రాగితీగ ఎప్పుడు తెంపానో తెలియదు.


ఫిబ్రవరి 20, శనివారం

వాక్యం దొరికింది. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను గుంజుకున్న ధనవంతుడి కథ చెప్పి, రాజుకు కోపం తెప్పించి, చివరికి ఆ మనిషివి నువ్వే అని ప్రవక్త వేలు చూపిన చోటు. రేపు అదే. వేలు చూపిస్తాను. గోడ ముందు నిలబడి రెండుసార్లు చదివాను, వేలుతో సహా.

సువార్త వంటింట్లో నుంచి — ఎవలను తిడుతున్నవ్? అంతా చెప్పాను. పది రోజుల తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడాము.

లేచి పొయ్యి ఆర్పి వచ్చింది. ఆ తర్వాత అంది.

"ప్రవక్త రాజు కాడికి పోయిండు. జవాను కాడికి గాదు."

కొట్టమన్నవాడిదీ తప్పే, కొట్టినవాడిదీ తప్పే అన్నాను. యొర్దాను ఒడ్డున బాప్తిస్మం ఇచ్చే ప్రవక్త దగ్గరికి సైనికులు కూడా వచ్చి మేమేం చేయాలని అడిగారు, వాళ్లకూ ఆయన జవాబు చెప్పాడు, వదిలిపెట్టలేదు అన్నాను.

"వాళ్లు అడిగిన్రు. ఈడు అడిగిండా? తల్లి ముందల వేలు సూపిస్తవా?"

చూపిస్తాను. ఏసురత్నం అన్న వేళ్లు ముడుచుకోవటం లేదు. నా వేలు ఎందుకు ముడుచుకోవాలి.


ఫిబ్రవరి 21, ఆదివారం

వచ్చాడు. గళ్ల చొక్కా. జుట్టు పోలీసు కటింగు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సుశీలమ్మ ముందర నుంచి తిరిగి తిరిగి చూసుకుంటోంది కొడుకును. అన్న ఎప్పటిచోటే, డోలక్ పక్కన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

పుట తెరిచి పెట్టుకున్నాను. ముందు సాక్ష్యాలు. తల్లి సైగ చేసింది. జయరాజు లేచాడు.

"వందనాలు."

ఫ్యాను చప్పుడు. గొంతు సవరించుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు వాడికి. వాడి అవస్థ చూడలేక కిరణ్ అందుకున్నాడు, నవ్వించడానికి. వేరే ఏ దురుద్దేశమూ లేదు వాడికి, ఏమీ తెలియదు.

"అన్నా, మేమందరం సినిమా మీద సాక్ష్యం చెప్పినం. నువ్వు అసల్ పోలీసోనివి. నువ్వు చెప్పు, ఎట్లున్నది?"

కొందరు నవ్వారు. సుశీలమ్మ కూడా.

"సూషిన," అన్నాడు జయరాజు. "గది అబద్ధం."

ఏది అని అడిగాడు కిరణ్.

"సప్పుడు. లాఠీతోని కొడితే గంత సప్పుడు రాదు. బొక్క ఇరిగేటట్టు తాకితే అసలుకే రాదు. పట్టుకున్న చేతికి తెలుస్తది, గంతే."

అరచెయ్యి చూసుకున్నాడు. స్తోత్రం అనలేదు. అనకపోయేసరికి జనానికి ఏమనాలో తెలియలేదు.

అప్పుడు అన్న, తల తిప్పకుండా —

"నిజమే. రాదు."

సుశీలమ్మ కొడుకును చూసింది. అన్నను చూసింది. పిండికట్టును చూసింది. ఆమె మొహం గురించి రాయను.

నా వేలు పుటలోనే ఉండిపోయింది. తీయలేదు. పాట పాడదాం అన్నాను. డోలక్ మొదలుకాలేదు. నేనొక్కణ్నే రెండు చరణాలు పాడాను. మూడోది ఎత్తుకునేటప్పటికి వెనక గోడ దగ్గర జయరాజు లేడు.


ఫిబ్రవరి 22

కిరణ్ వచ్చి ఏడ్చాడు. తెలియక అడిగానన్నా అని. వీడికి ఏం చెప్పను. నువ్వు అడగకపోతే నేను వేలు చూపేవాణ్ని అని చెప్పనా.


ఫిబ్రవరి 24, బుధవారం

కూడికకు సుశీలమ్మ రాలేదు. తలుపు కొడితే తీయటం లేదని సువార్త చెప్పింది. ఆమె చోట దేవమ్మ కూర్చోబోతే ఏసురత్నం అన్న పక్కకు జరగమన్నాడు.

అందరూ పోయాక అన్నను అడిగాను. అడ్వకేటు పేరు కోసం ఆగి ఉన్నాడు. చెప్పమంటావా, వద్దంటావా.

"పోరడు అందరి ముందల చెప్పిండు గద తమ్మీ. ఇంకేం గావాలె?"

ఆయనకు చాలునేమో. నాకు చాలదు. కొట్టినవాడు తన అరచెయ్యి చూసుకున్నాడు సరే. వెనక నుంచి కొట్టమని అరిచినవాడు ఇవ్వాళ ఏం చూసుకుంటున్నాడు? ఆ సినిమా చూసి వాడూ ఈల వేసి ఉంటాడు. వాడి పేరు కావాలి నాకు. అది జయరాజు ఒక్కడే చెప్పగలడు. చెప్తే ఉద్యోగం ఉండదు. సుశీలమ్మ పొయ్యి వెలిగేది ఆ ఉద్యోగంతోనే. సువార్త ఈ మాట అనకముందే నేనే అనుకున్నాను. అనుకున్నా కోపం దిగలేదు.

సాయంత్రం జయరాజుకు ఫోన్ చేశాను. ఎత్తాడు.

"అన్నా, డ్యూటీల ఉన్న."

వెనక నినాదాలు. చాలామంది. ఆడగొంతులు కూడా. ఏ ఊరు అని అడిగాను. చెప్పలేదు. ఆ సారే ఉన్నాడా అక్కడ, వాడి పేరేంది అని అడిగాను. చెప్పలేదు.

వాడు ఫోన్ పెట్టేయలేదు కూడా.